సముద్రానికి చిటికెడు పసుపు

ఈ వయసులో సముద్రాన్ని శుద్ధి చేయబోయి, మనుమరాలి పరిశోధనకు ఎసరు పెట్టిన ఘనత నాది. వినండి.

రెండు నెలల క్రిందట ఒక శనివారం, స్రవంతి సముద్రతీరం నుండి మా చిట్యాల ఇంటికి వచ్చింది. వెంట ఆరు సీసాల ఉప్పునీరు. కర్మాగారాల విషం తగిలితే సముద్రపు బ్యాక్టీరియాలో ఏయే జన్యువులు మేలుకొంటాయన్నది దాని పరిశోధన. మూడు సీసాలు కర్మాగారపు కాలువ కలిసే చోటివి, మూడు దూరాన నిర్మలమైన చోటివి. రెంటినీ పోల్చాలట. సోమవారం హైదరాబాదు ల్యాబుకు చేర్చేదాకా వాటిని మా ఫ్రిజ్‌లో పెట్టి, ముట్టవద్దని నాకు మరీ మరీ చెప్పింది.

నాకు చెప్పడమా! మరునాడు పెరుగు కోసం ఫ్రిజ్ తీస్తే నీచు వాసన. పసుపునీట మునగనిదే కూరగాయ కూడ మా వంటింట అడుగుపెట్టదు. సీసాల మీది చీటీలు శ్రద్ధగా చదివాను. విషమున్నవాటి జోలికి పోలేదు; అంత తెలివిలేనిదానను కాను. పక్కనున్న విషం అంటకుండా, నిర్మలమైన మూడింటిలోనే తలా చిటికెడు పసుపు వేసి కుదిపాను.

సాయంత్రం స్రవంతి ఆ సీసాలను వెలుతురులో పెట్టి చూసింది.

"అవ్వా, గిండ్ల ఏమేసినవ్?"

ఎండకు సముద్రం రంగు మారుతుందేమోనన్నాను. అది పసుపు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"పోల్చెటందుకు మంచి నీళ్లే లేకుండ జేసినవ్. మళ్ల సముద్రం కాడికి పోవాలె. మా సార్‌కు ఏమని చెప్పాలె?"

"మా అవ్వ శుభ్రత గల మనిషి అని చెప్పు."

పాపం, మళ్లీ వెళ్లి మూడు సీసాలు తెచ్చుకొన్నది. పసుపు నీటినీ పారవేయక పరీక్షించమన్నారట ఆ సారు. నిన్న ఫలితాలు వచ్చాయి. విషాన్ని బయటికి నెట్టే జన్యువులు కర్మాగారపు నీటిలో మేలుకొన్నాయట. నా పసుపు నీటిలో అంతకు మించి మేలుకొన్నాయట!

"మీ అవ్వది ఏ ఫ్యాక్టరీ అని సార్ అడుగుతుండు" అన్నది స్రవంతి.

కాలువలో విషం వదిలేవారికి నోటీసయినా అందలేదు. నాకు మాత్రం ఫలితాల పట్టికలో ప్రత్యేకంగా ఒక గడి కేటాయించారు.

నా పసుపు పాలు ఒక్క గుక్క మింగగానే మా ఇంట అందరూ "దగ్గు తగ్గింది, ఇక చాలు" అని ఎందుకు అనేవారో, ఇప్పటికి బోధపడింది.