కర్ర తాత ఇంగ్లీషు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఈ జిల్లాలో నా అంత ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఉండరని నాకు గట్టి నమ్మకం. కారణం ఒక రెండొందల పేజీల నోటుబుక్కు. పేజీకొక మాట రాసి, దాని కింద అది ఎన్ని రకాలుగా వాడొచ్చో అన్నీ ఎక్కించేదాన్ని. రన్ అంటే పరుగెత్తడమే కాదు, అంగడి నడపడం, ముక్కు కారడం, ఎన్నికల్లో నిలబడటం కూడా అని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ‘వే’ అనే మాటకు ఇరవై రెండు వాడుకలు దొరికాయి. అన్నీ కంఠతా పట్టాను. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే ఆమెకు అప్పజెప్పేదాన్ని. ఆమె ‘ఊ’ కొట్టేది, పాపం.

మా ఊళ్లో వాళ్లు మాత్రం ఇంగ్లీషు మాటల్ని ఇష్టమొచ్చినట్టు వాడేవాళ్లు. వాన రాకపోతే వాన ఫెయిలు. బోరులో నీళ్లు పడకపోతే బోరు ఫెయిలు. మా పెదనాయన మోకాళ్లు ఫెయిలు. ఫెయిల్ అనే మాట పరీక్షలకు వాడాలి పెదనాయనా అని నేను సరిదిద్దితే, ఆయన నన్ను ఎగాదిగా చూసి, ‘‘పరీచ్చలు నీకుండాయి, మోకాళ్లు నాకుండాయి’’ అన్నాడు. (ఆ మాట నోటుబుక్కులో రాసుకోలేదు. రాసుకోవాల్సింది.)

విడపనకల్లు దాటాక మా ఊరి బీడు భూముల్లో సోలార్ ప్లాంటు పెట్టినప్పుడు ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలన్నారు. నన్ను తీసుకున్నారు, నెల రోజులు చూసి ఖాయం చేస్తామన్నారు. మా నాయన మాత్రం మొదటి రోజే ఊరంతా తిరిగి, పాపకు పర్మినెంటు అయిందని చెప్పి వచ్చాడు. ఇక వెనక్కి వస్తే ఆయన తల ఎత్తుకుని తిరగలేడు. ఆ బరువు మోసుకుని రోజూ ఆఫీసుకు వెళ్లేదాన్ని.

నెల ఇంకా రెండు రోజుల్లో నిండుతుందనగా చెన్నై నుంచి పెద్దసారు వచ్చాడు. ఆయనకు తమిళం, ఇంగ్లీషు తప్ప ఇంకొకటి రాదు. సరిగ్గా ఆ రోజే కర్ర తాత తన గొర్రెల్ని తోలుకొచ్చి గేటు ముందు నిలబడ్డాడు. (చేతిలో కర్ర లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు, అందుకే ఆ పేరు.) ప్లాంటు కంచె ఆయన గొర్రెలు కుంటకు పోయే దారికి అడ్డంగా పడింది, ఆ దారి మీదున్న ఈ గేటుకు తాళం వేసేశారు. రెండు నెలలుగా అర్జీలు ఇస్తున్నా మా మేనేజరు పైవాళ్లను అడగాలంటూ నెట్టుకొస్తున్నాడు. ఆ పైవాడు ఇవాళ దొరికాడు. తాత నన్ను పిలిచి నిదానంగా చెప్పాడు.

‘‘పాపా, ముందు కుంటకు ఈడనించే పోతాంటిమి. ఇప్పుడు బీగం ఏసినారు. సుట్టు తిరిగి పోయేతలికి ఎండకు గొర్రెపిల్లలు పడిపోతాండాయి. మొన్న మూడు సచ్చిపోయినాయి. పొద్దున తీసి మాపటికి ఏసుకోమను, అంతే.’’

పెద్దసారు నా వైపు తిరిగి, ఏమంటున్నాడని అడిగాడు. దారి మూసేశారని చెప్పాలి. దారి అంటే వే. అంతే, నోటుబుక్కు మొత్తం కళ్ల ముందు తెరుచుకుంది. ఇరవై రెండూ ఒకేసారి గొంతులోకి వచ్చాయి. ‘‘బై ది వే సార్,’’ అన్నాను. ఆయన తలూపాడు. ‘‘ఇన్ ఎ వే సార్... దేర్ ఈజ్ నో వే సార్...’’ అన్నాను. ఆయన తలూపడం ఆపేశాడు. పాత్, రోడ్, రూట్, ఏది సరైనదో తేల్చుకునేలోపు ఆయన గడియారం చూసుకుని కారు వైపు నడిచాడు. నా ఉద్యోగం, మా నాయన పరువు, తాత గొర్రెలు అన్నీ ఆ కారెక్కి వెళ్లిపోతున్నట్టు అనిపించి నాకు ఏడుపొచ్చింది.

తాత నన్నొకసారి చూశాడు. గబగబా వెళ్లి సారుకు అడ్డం నిలబడి, కర్రతో గేటును తట్టాడు.

‘‘సారూ. గేటు లాక్.’’ కుంట వైపు చెయ్యి చూపించాడు. ‘‘గొర్రె, వాటర్ నో.’’ కాళ్ల దగ్గర నోరు తెరుచుకుని రొప్పుతున్న పిల్లను ఎత్తి సారు చేతుల్లో పెట్టేశాడు. ‘‘పిల్ల ఫెయిల్. త్రీ ఫెయిల్. మార్నింగ్ ఓపెన్, ఈవినింగ్ క్లోజ్. ఫినిష్.’’

ఇస్త్రీ చొక్కా మీద గొర్రెపిల్లతో పెద్దసారు గేటుకున్న బీగం వైపు చూశాడు. తర్వాత, ‘‘ఎవ్రీ డే?’’ అని అడిగాడు.

‘‘డైలీ’’ అన్నాడు తాత.

బీగం అప్పటికప్పుడు తీయించారు. గొర్రెలు నా పక్కనుంచే కుంట వైపు పరుగెత్తాయి. ఇతనికి ఇంగ్లీషు ఎవరు నేర్పారని సారు అడుగుతుంటే, ఆ ప్రశ్న తాతకు ఎలా అర్థమైందో ఏమో, నా వైపు కర్ర చూపి, ‘‘ఈ పాపే. టీచర్’’ అన్నాడు. నేను కాదని చెప్పాలి. చెప్పలేదు. రెండు రోజుల తర్వాత నాకు ఉద్యోగం ఖాయమైంది.

ఆ రోజు సారు కారెక్కుతుంటే, ఎట్ల చెప్పగలిగినావు తాతా అని గొంతు తగ్గించి అడిగాను. ‘‘గొర్రెలకు చెప్పినట్టే చెప్పినా తల్లీ. ఒక మాట, ఒక చెయ్యి. ఎక్కువ చెప్తే బెదురుతాయి’’ అన్నాడు. కారు అద్దంలోంచి సారు, ఏమంటున్నాడని మళ్లీ అడిగాడు. ‘‘హి సేస్ థాంక్యూ సార్’’ అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను తడబడకుండా చెప్పిన ఇంగ్లీషు అదొక్కటే, అదీ అబద్ధం.

ఇప్పుడు అదే ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లకు ఇంగ్లీషు నేర్పేది నేనే. గేటు పొద్దున తెరుస్తారు, మాపటికి మూస్తారు. తాత ఎదురైతే పది మందిలోనూ ‘ఏం టీచరమ్మా’ అని పిలుస్తాడు. సిగ్గేస్తుంది, అయినా పలుకుతాను. నోటుబుక్కు బీరువాలో ఉంది. ‘వే’ అనే పేజీ తీసినప్పుడల్లా ఆ పిల్ల గుర్తొస్తుంది, ఇరవై రెండు అర్థాలు నోట్లో పెట్టుకుని గేటు ముందు ఏడుపు ఆపుకుంటూ నిలబడిన పిల్ల. ఇప్పుడు ఎదురుపడితే ఏమీ చెప్పను. చేతిలోని ఆ నోటుబుక్కు లాక్కుని, గొర్రెపిల్లను పెట్టేస్తాను.