ఒక్క చేతికే ఇచ్చిన జీతాలు

నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఈ సంగతి మా మైపాడులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోపంలో నేనన్న మాటలు చానా ఉన్నాయి, వాటిల్లో మరిచిపోయినవే ఎక్కువ. ఒక్క మాట మాత్రం మరిచిపోలేను. ఇండోనేషియాలో ఉండే ఒక పిల్లను, నిండు కడుపుతో ఉన్నదాన్ని, "నీకంత అనుమానమైతే పని మానుకో" అన్నాను. ఆ పిల్ల అడిగిందల్లా తన జీతం తన ఖాతాలో వేయమని. అంతే.

మా ఆఫీసు నెల్లూరులో. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్న ఇంటి అబ్బాయి ఒకాయన చదువుకొని వచ్చి పెట్టిన చిన్న కంపెనీ. గుంటలో నీళ్లెట్టున్నాయి, మేత ఎంత వేయాలి, రొయ్యకు జబ్బేమైనా తగిలిందా అని ఫోనులోనే చెప్పే యాప్ మాది. మన దగ్గర అంతంతమాత్రంగా నడిచింది గానీ ఇండోనేషియా రైతులు బాగానే పట్టుకున్నారు. వాళ్లకు వాళ్ల భాషలో జవాబు చెప్పేదానికి అక్కడే, ఒకే దీవిలో, నలుగురిని పెట్టుకున్నాం. ఎవరింట్లో వాళ్లు కూర్చొని పని చేస్తారు. నేను బీకాం చదివినదాన్ని, జీతాలు చూసేది నేనే. రోజూ మైపాడు నుంచి బస్సులో పోయి వస్తాను.

మొదటి నెల తిరిగేసరికి పీటముడి పడింది. వీళ్లకు జీతం ఎట్టా పంపేది? ఆడిటరు గారు సూటిగా చెప్పినాడు: "మనిషి మనిషికీ వేరే ఒప్పందం రాసుకోండమ్మా. ఎవరి జీతం వాళ్ల ఖాతాకే పంపండి. చార్జీలు పోతే పోయినాయి." బ్యాంకులో అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో ఫారం, ఒక్కో సర్టిఫికెట్టు అన్నారు. పైగా ఇక్కడి బ్యాంకు కొంత, మధ్యలో ఇంకో బ్యాంకు కొంత, అక్కడి బ్యాంకు కొంత కోసుకుంటాయంట. ఇంటర్నెట్లో డబ్బు పంపే సైటొకటి చూస్తే, మా లాంటి కంపెనీకి కుదరదన్నారు. మా ఓనరు విసుక్కొని, "అక్కా, నువ్వే ఏదో ఒకటి తేల్చు" అని లేచి పోయినాడు.

నేను తేల్చినాను. ఆ నలుగురిలో ఒకాయన వయసులో పెద్ద. సొంతానికి రెండు గుంటలున్నాయి. మిగతా ముగ్గుర్నీ పనికి తెచ్చింది ఆయనే. అందరి జీతాలూ ఆయన ఖాతాకే వేస్తే ఒక్క ఫారం, ఒక్క చార్జీ. ఆయనే పంచుతాడు. ఆడిటరు తల అడ్డంగా ఊపినాడు. "మీకేం తెలుసు సార్, మా ఊళ్లో తరతరాలుగా ఇట్టే నడుస్తాంది" అన్నాను.

అది అబద్ధం కాదు. మా నాయన పడవలో వేటకు పోయేవాడు. పడవ ఒడ్డుకొచ్చి, చేపలకు వేలం పాట అయినాక, కొన్నాయన డబ్బంతా పడవ పెద్ద చేతిలో పెడతాడు. ఇంకెవరికీ ఇవ్వడు. పెద్ద ఇసకలో కూర్చొని వాటాలేస్తాడు. పడవకింత, వలకింత, మనిషికింత. జరమొచ్చి ఇంట్లో పడుకున్నోడికి కూడా ఎంతో కొంత తీసిపెడతాడు. నా వాటా నాకు వేరే ఇయ్యి అని కొన్నాయన్ని అడిగితే పడవలో ఉన్నోళ్లందరి మొహానా ఉమ్మినట్టే. అట్టా అడిగినోణ్ణి మర్నాడు ఎవరూ పడవెక్కించుకోరు. ఆ వాటాల కూడు తిని పెరిగినదాన్ని, నాకు అదే ధర్మం.

నలుగురిలో ఆ పిల్లొక్కతే ఆడది. వీడియోలో పని నేర్పించేటప్పుడు నాకు దగ్గరైంది. ఇంగ్లీషు తనకూ రవ్వంతే, నాకూ రవ్వంతే, అందుకే మాకు బాగా కుదిరింది. మిగతా ముగ్గురికీ నేను మేడమ్ని. ఈ పిల్ల మాత్రం మా ఓనరు నన్ను పిలిచేది విని, అర్థం అడిగి తెలుసుకొని, తనూ అక్కా అనడం మొదలుపెట్టింది. ఏ మెసేజీ పెట్టినా ముందు అక్కా. నాకెంత ముచ్చటగా ఉండేదో!

తన కష్టం కూడా నాకే చెప్పుకుంది. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయిందంట. ఈసారి ఆపరేషన్ చేయాల్సిందే అని డాక్టరు ముందే చెప్పేసినాడు. ఆ ఆసుపత్రేమో పక్క దీవిలో ఉంది, ఓడలో పోవాలి. ఆ ఓడా రోజూ ఉండదు. నెలలు నిండకముందే పోయి అక్కడ గది తీసుకొని ఉండాలి, ముందుగా డబ్బు కట్టాలి. మొగుడికి పని లేదు. "నువ్వు పంపే జీతంతోనే నా బిడ్డ పుడతాది అక్కా" అని నవ్వేది.

ఎనిమిదో నెల పడంగానే ఫోను చేసింది. "అక్కా, ఈ నెల నుంచి నా జీతం నా ఖాతాకే పంపు. చార్జీ ఎంతైనా నేనే పెట్టుకుంటాను."

ఎందుకన్నాను. చెప్పలేదు. ఆయన ఇవ్వడం లేదా అంటే, "ఇస్తాడు, ఇస్తాడు" అనింది. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నం పెట్టించిన మనిషిని చాటున అనుమానిస్తుందా! "నిన్ను పనికి తెచ్చినాయన్నే నమ్మవా? నీకంత అనుమానమైతే పని మానుకో" అన్నాను. "సారీ అక్కా" అని ఫోను పెట్టేసింది.

ఆ సాయంత్రం ఏదో ఘనకార్యం చేసినట్టు మా అమ్మకు చెప్పినాను. అమ్మ చేపలు కోస్తా కోస్తా తలెత్తకుండా అడిగింది.

"వాటాలేసేటప్పుడు ఆ పిల్ల యాడ కూర్చుంటుందే?"

"ఎవరిండ్లల్లో వాళ్లుంటారమ్మా."

"మరి ఆయన ఎవరికెంత ఇచ్చినాడో ఎవరు చూస్తారు?"

"గమ్మునుండమ్మా, నీకు తెలీదు" అన్నాను.

ఒకటో తేదీనే జీతాలు పంపినాను. నాలుగు వారాలకు ఆ పిల్ల ఫోను పలకడం మానేసింది. మిగతా ఇద్దరిలో ఒకణ్ణి గట్టిగా అడిగితే అంతా బయటపడింది. పెద్దాయన గుంటల్లో రొయ్యకు జబ్బు తగిలింది. మేతకూ మందుకూ అందరి జీతాలూ తిప్పుకున్నాడు. రొయ్యలు పట్టినాక ఇస్తానన్నాడు. అంతకు ముందు నెలా అదే జరిగింది. మరి నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, "అడిగితే పని మానుకోమన్నారంట కదా మేడమ్" అన్నాడు.

ఆ పిల్ల సంచి సర్దుకొని జీతం కోసం కనిపెట్టుకుందంట. రేపు, ఎల్లుండి అని ఆయన తిప్పినాడు. ముందుగానే నొప్పులొచ్చినాయి. ఆరోజు ఓడ లేదు. ఇరుగుపొరుగు చేపల పడవలో వేసుకొని దాటించినారు. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. తల్లిని బతికించాలని గర్భసంచి తీసేసినారు.

నేను పెద్దాయనకు ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టినాను. ఆయన ఏడ్చినాడు. ఏడ్చి ఏడ్చి, "అందరిదీ నా చేతికే ఇచ్చింది మీరే కదా మేడమ్" అన్నాడు. ఆయన్ని పనిలో నుంచి తీసేసినాం. నన్నెవరూ తీసెయ్యలేదు.

మళ్లీ నెల మిగిలిన ముగ్గురికీ మూడు ఫారాలు నింపినాను. ఆడిటరు సంతకాలు చేసి ఫారాలు నా చేతికిచ్చినాడు. తిట్టినా బాగుండేది. ఒక మనిషికి పడిన చార్జీ మా ఒడ్డున ఒక బుట్ట చేపల ఖరీదు కూడా లేదు. ఆ బుట్ట మిగులుతాదని నేను ఇంత పని చేసినాను.

ఆ ఆదివారం ఒడ్డుకు పోయి నిలబడినాను. పడవ పెద్ద వాటాలేస్తన్నాడు. చుట్టూ పడవోళ్లు గొంతుక్కూర్చోనున్నారు, వాళ్ల వెనక ఆడోళ్లు కొంగు దోపుకొని ప్రతి నోటూ చూస్తన్నారు. మా అమ్మ కూడా అట్టే నాయన వెనక నిలబడేది. చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉన్నాను. నేను దాన్ని నమ్మకం అనుకున్నాను. ఇన్ని కళ్ల ముందర ఎవడు మాత్రం తప్పు లెక్కేస్తాడు?

మూడు నెలలకు ఆ పిల్ల మళ్లీ పనిలోకొచ్చింది. జీతం తన ఖాతాకే పంపి, చార్జీ మేమే పెట్టుకొని, అందిందా అని మెసేజీ పెట్టినాను. ఎట్టున్నావని కూడా రాసి, మళ్లీ చెరిపేసినాను. కాసేపటికి జవాబొచ్చింది.

"జీతం అందింది మేడమ్. చార్జీ నేనే పెట్టుకుంటానని అప్పుడే చెప్పినాను కదా. నా జీతంలో నుంచి ఎందుకు పట్టుకోలేదు?"