జేబు మీద నీలిదారం

మొన్న మా అమ్మాయి ఫోన్లో తెప్పించుకున్న పాతచొక్కా పొట్లం విప్పగానే ఎవరింటిదో సబ్బు వాసన గుప్పున కొట్టింది. ఒకరు తొడిగినవే మళ్లీ తొడిగితే భూమికి మేలట, ఇకమీదట పిల్లలక్కూడా అవే కొంటుందట. మంచిదే, కాదనను. నా చేతులు మాత్రం ఊరుకోక చొక్కాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాయి.

ప్రొద్దుటూరులో పాతబట్టల గుట్టల ముందు కూర్చుని మా అమ్మ అలాగే ఎత్తిపట్టేది. అవి పార్టీల పేరుతో ఊళ్లు నరుక్కున్న రోజులు. చచ్చినవాళ్ల బట్టలూ ఆ గుట్టల్లోకే చేరతాయని, కత్తిగాటు ఉందేమోనని వీపూ పక్కలూ తడిమి, మరక కోసం ఎండకు చూసి, ఇంటికొచ్చాక వేపాకు వేసి ఉడకబెట్టిగానీ మా ఒంటికి తగలనిచ్చేది కాదు. అంత గట్టి మనిషీ నాయనకు కొన్న తెల్లచొక్కా జేబు మీది నీలిదారం కుట్టును లెక్కచేయలేదు. చినిగితే ఎవరైనా కుట్టుకుంటారు కదా!

నాయన ఆ చొక్కా తొడుక్కుని నన్ను సంతకు తీసుకుపోతే, ఎర్రగుంట్ల బస్టాండులో ఉడికించిన శెనక్కాయలు అమ్మే ముసలామె ఒకరోజు ఆ జేబు పట్టుకుంది.

"ఈ కుట్టు నేనేసిందేప్పా. తెల్లదారం అయిపోయింటే నీలిది ఎక్కిచ్చినా. నా కొడుకును నరికిన పొద్దు ఇది దండెం మీద ఆరతాండె."

నాయన అక్కడే గుండీలు విప్పబోయాడు.

"వద్దు, ఏసుకో నాయనా. ఇది నడుస్తాంటే నా కండ్లకు శానా బాగుండాది."

అప్పటినుంచి సంతకు పోయిన ప్రతి వారం ఆమె జేబు మీద చెయ్యి ఆనించి, నా ఒడిలో దోసెడు వేడికాయలు పోసేది. ఈ సంగతి విని అమ్మ మాత్రం నాయనను నిలదీసింది.

"తల్లి గుర్తుపట్టింది, నరికినోళ్లు పట్టరా? వాళ్ల మనిసివని నిన్నూ నరికితే ఈ పిల్లనేసుకుని నేను యాడికి పోవల్ల?"

ఏడుస్తూనే చొక్కా కోసి నాకు బడిసంచి కుట్టింది. జేబును పొయ్యిలో వేసింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, అమ్మ భయం అబద్ధమూ కాదు.

మరుసటి వారం మేము బస్సు దిగితే ముసలామె గంప దించి లేచి నిలబడింది. మమ్మల్ని దాటి, వెనక దిగేవాళ్ల జేబుల మీద నీలిదారం వెతుక్కుంది. నాయన ఎదురుగా పోయి, "అమ్మా, నేనే," అన్నాడు.

"ఎవురప్పా నువ్వు?" అంది.

ఇప్పుడా గుట్టలూ లేవు, ఆమె గంపా లేదు, నాయనా లేడు.

"మా, ఈడ చూడు, కాలరు కింద ఎవరో కుట్టినారు. వెనక్కి పంపిస్తా," అంది మా అమ్మాయి.

"వద్దు తల్లీ, ఏసుకో," అన్నాను. "నలుగురూ తిరిగే చోటికి ఏసుకోని పో."