వీరాచారి తీసేయమన్న పోస్టులు

దయ్యాలు, చేతబడులు అంటే నేను మొదట్నుంచీ నవ్వేవాణ్ణే. మంత్రించిన నిమ్మకాయలు ఎవరైనా చూపిస్తే షర్బత్ చేసుకు తాగమంటాను. అందుకే ఈ సంగతి చెప్పడం నాకే కష్టంగా ఉంది.

నాది నంద్యాలలో ఉలులు, సుత్తులు అమ్మే అంగడి. ఆళ్లగడ్డ శిల్పులే నా గిరాకీ. వాళ్లు విగ్రహాల ఫొటోలు పెట్టుకుని మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టాను. వాళ్లలో వీరాచారి అనే శిల్పి, తన షెడ్డు ముందు నమూనాకు నిలబెట్టిన విగ్రహాల ఫొటోలన్నీ అందులో పెట్టేవాడు. మంచి పనివాడు. కోపం మాత్రం ముక్కు మీదే.

ఒక మధ్యాహ్నం పెదవి చిట్లి, చొక్కా చిరిగి అంగట్లోకి ఊడిపడ్డాడు. ఆ ఫొటోలు చూపించి అతని తమ్ముడు, అవి తానే చెక్కానని చెప్పుకుంటున్నాడట. పొద్దున ఇద్దరూ కొట్టుకున్నారు.

"అన్నా, నావి ఒక్కటీ ఉండగూడదు. అన్నీ తీసేయ్. అయ్యేదంకా ఈడనే కూచుంటా."

అడిగితే తీసేయడం మా నియమం. మాది పాత సాఫ్ట్‌వేర్, ఒక్కొక్కటే తీయాలి. విసుక్కుంటూనే మొదలుపెట్టాను. సింహం తీశాను. ద్వారపాలకుణ్ణి తీశాను. నందిని తీశాను.

అతని ఫోన్ మోగింది. ఆళ్లగడ్డ నుంచి భార్య. స్పీకర్లో ఆమె అరుపు అంగడంతా వినిపించింది.

"యాడుండావయ్యా? బొమ్మలు పగుల్తాండాయి! సింహం తల ఎగిరిపాయ!"

"వాడే! వాణ్ణి నరుకుతా!" అని లేచాడు వీరాచారి.

"నీ తమ్ముడు నా పక్కనే నిలబడుండాడు. సుత్తి పట్టినోడే లేడు! రాయి తగిలి ఆయప్ప చెవు తెగిపాయ!"

ఏవేవి పగిలాయని నేనే అడిగాను. సింహం, ద్వారపాలకుడు, నంది. నేను తీసిన వరసే. ఇక తీయనన్నాను.

"మీరంతా వానితో కలిసినారప్పా!" అని నన్ను కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు. మౌస్ లాక్కుని తానే నొక్కసాగాడు. అతను నొక్కినప్పుడల్లా ఫోన్లో రాయి బద్దలైన చప్పుడు, దాని వెనకే ఆమె ఏడుపు. నా నోట్లో రక్తం ఉప్పగా తగులుతోంది.

చివరి పోస్టు విగ్రహం కాదు. వీరాచారి ఒళ్లో కూర్చుని అతని కూతురు ఉలి పట్టుకున్న ఫొటో. అతను దాన్ని చూడను కూడా చూడలేదు. పాప, పాప అని అరిచాను. వేలు ఆగలేదు. కంప్యూటర్ వైరు పీకి పారేశాను.

ఫోన్లో ఇంటి లోపల్నుంచి తల్లి కేక.

మంచం మీద నిద్రపోతున్న పిల్ల నుదురు చీలింది. ఆ గదిలో రాతి ముక్క అన్నది లేదు. నంద్యాల తెచ్చి కుట్లు వేయించారు, బతికింది. ఆ కుట్లు నేను కళ్లారా చూశాను. వీరాచారి ఆసుపత్రి బయట తల బాదుకుని ఏడుస్తుంటే, చెవికి కట్టుతో ఉన్న తమ్ముడే పట్టుకున్నాడు.

కంప్యూటర్ మళ్లీ పెట్టినప్పుడు ఆ ఒక్క పోస్టు అలాగే ఉంది.

ఎందుకు జరిగిందో నాకు తెలియదు. తెలుసనే స్వాముల్ని ఇప్పటికీ నమ్మను. శిల్పులంతా వాట్సాప్‌కు వెళ్లిపోయారు, ఫోరంలో ఇప్పుడు పురుగు కూడా లేదు. అయినా ఏటా డబ్బు కట్టి సైట్ గడువు పొడిగిస్తూనే ఉన్నాను. సైట్ మూస్తే ఆ పోస్టూ పోతుంది కదా. నాకా వయసు మీద పడుతోంది, భయంగా ఉంది.

మొన్న నా కొడుక్కి పాస్‌వర్డ్ ఇచ్చాను. ఎవరూ లేని సైట్ ఎందుకు నాయనా అన్నాడు.

"ఆ పాప బతికుండేదంకా మూయొద్దురా," అన్నాను.