తిరగబడని గొడుగు

పవర్‌హౌస్ బస్టాపులో గురునాథరావు మడత గొడుగు గాలికి తిరగబడి, పక్కాయన కళ్ళజోడును వెంటబెట్టుకుని రోడ్డు దాటిపోయింది. క్షమించమనడానికి బదులు, "ఏ పుల్ల ముందు వంగిందో చూశారేటండీ?" అని గురునాథరావు ఆయన్నే అడిగాడు. ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు సాగదీసి రిటైరైన మనిషికి గొడుగు పుల్లలు లొంగడం లేదు. భార్య నూకమ్మకు కంటి ఆపరేషనైంది. చినుకు తగిలితే కన్ను దక్కదన్నాడు డాక్టరు. సోమవారం మళ్ళీ చూపించాలి. ముసురు విడవలేదు, వాళ్ళుండే క్యాంపు సందులోకి ఆటో రాదు. రోజూ లుంగీ ఎగగట్టి, నాలుక పళ్ళ మధ్య బిగించి, సైకిలు చువ్వలు కోసి పుల్లలుగా బిగిస్తాడు. ఫ్యాను ముందు పట్టగానే గొడుగు తిరగబడుతుంది. పుల్లల్నీ గుడ్డనూ ఇంకో బెత్తెడు కోసేస్తాడు.

సోమవారం హోరుగాలిలో గొడుగు తిరగబడలేదు. దాని కింద నూకమ్మ పొడిగా నడిచింది. పట్టుకున్న గురునాథరావు మాత్రం నీళ్ళోడుతున్నాడు.

"ఇదేటి గొడుగండీ, ఒక్కరికే సరిపోతంది!" అని ఆమె కసిరింది.

"ఆపరేషనూ ఒక్కరికే గదే అయింది."