మూత తెస్తేనే సీసా

కామారెడ్డికి రైలు ఎప్పుడొచ్చిందో, జిల్లా హోదా ఎప్పుడొచ్చిందో రాసిపెట్టిన వాళ్లున్నారు. కానీ బ్రేక్ ఆయిల్ కొనబోయిన మనిషిని "మూత తెచ్చినవా?" అని అడిగే ఆచారం ఈ పట్నంలో ఏ ఘడియలో మొదలైందో ఒక్క చరిత్రకారుడూ పట్టించుకోలేదు. తొమ్మిదేండ్ల కిందట, శ్రావణంలో, ఒక బుధవారం నాడు మొదలైంది. మొదలుపెట్టింది స్పేర్ పార్టుల దుకాణం పద్మలత.

అంతకు నెల ముందు వరకు ఆ గల్లా వెనక కూర్చున్నది ఆమె భర్త పురుషోత్తం. తన బండి ముందు బ్రేకు మెత్తబడిందని, బండి మీద కూచునే "ఆ సీసా అందియ్యి" అన్నాడు. ఆమె అందించింది. సీసా బ్రేక్ ఆయిల్‌దే. లోపలున్నది మాత్రం ట్రాక్టరు హైడ్రాలిక్ నూనె. ఖాళీ సీసా పారేయడం పాపమనుకునే ఇల్లు కాబట్టి అది ఎప్పుడో అందులోకి చేరింది. ఆ నూనెకు బ్రేకు లోపలి రబ్బర్లు రెండ్రోజుల్లో ఉబ్బాయి. ఎల్లారెడ్డి రోడ్డు మీద ముందు చక్రం ఉన్నట్టుండి పట్టేసింది. ఆ తర్వాత హైదరాబాదు ఆస్పత్రిలో పదకొండు రోజులు. పన్నెండో నాడు అంబులెన్సులో ఇంటికి తెచ్చారు, తొందరేమీ లేకుండా.

దినాలు అయ్యాక పద్మలత దుకాణం తెరిచింది. తన ఏడో తరగతి ఇంగ్లీషు కూడదీసుకొని, ఎవరిదో బండి హ్యాండిల్ పక్కనున్న బ్రేక్ ఆయిల్ డబ్బీ మూత చదివింది. ఏది పొయ్యాలో దాని మీద అచ్చు పోసే ఉంది: డాట్ మూడు లేదా నాలుగు రకం, అదీ సీలు విప్పని సీసాలోంచి. ఊళ్లో ఉన్న బండ్లన్నీ ఆ మాటను నెత్తిన మోస్తూ తిరుగుతుంటే చదివిన మొగోడు లేడు. ఆనాటి నుంచి అదే శాసనం. మూత చూపిస్తేనే సీసా.

చూడడం కూడా ఆషామాషీగా ఉండదు. మూతను గుడ్డతో తుడుస్తుంది, అద్దాలు పెట్టుకుంటుంది, వెలుతురుకు ఎత్తి పట్టి పంతులు పంచాంగం చూసినట్టు చదువుతుంది. "పిల్లనిచ్చేటప్పుడు కూడ ఇన్ని అడగరు గదనే" అని మెకానిక్ సంపత్ ఎత్తిపొడుస్తాడు. "నీ తీరు సూస్తే అడగకనే ఇచ్చినట్టుంది" అంటుంది ఆమె.

ఎల్లారెడ్డి బీడీ కార్ఖానాలో ఆకు తూకం వేసే సిద్దిరాములు మొన్న సోమవారం బస్సు దిగి వచ్చి ఉత్త చేతులతో నిలబడ్డాడు. ఎల్లారెడ్డిలో దొరకక కాదు, పద్మలత దగ్గర కొంటే బ్రేకు మోసం చెయ్యదని పేరు.

"మూతేదన్నా?"

"మూత బండికుంటది గని నా జేబుల ఉంటదా చెల్లే?"

"అయితే తీసుకరాపోన్రి."

బుధవారం పొద్దున్నే మళ్లీ వచ్చాడు. దస్తీ ముడి విప్పి మూతను బల్ల మీద పెట్టాడు. దాని కింద ఉండే రబ్బరు కూడా అంటుకొనే ఉంది. పద్మలత గుడ్డ అందుకోబోయి ఆగింది.

"ఇది ఈడ ఉంటే, ఆడ బండి మీద ఏమున్నదన్నా?"

"ఏముంటది? సోమవారం రాత్రే ఇప్పిన. పాలిథిన్ కవర్ కప్పి బీడీల దారంతోని గట్టిగ చుట్టిన. నిన్న వాన దంచింది గని, ఏం గాదు."

సీలు విప్పని సీసా అని కంపెనీవాడు ఎందుకన్నాడో పద్మలతకు తెలుసు. ఆ ఆయిల్‌ది తాగుబోతు గుణం, గాలిలో తేమ దొరికినా తాగుతుంది. వాన నీళ్లు దిగితే బ్రేకు సమయానికి పట్టదు, దాన్ని నమ్ముకోవడమంటే పురుషోత్తం దారి పట్టడమే.

"బండి ఇంట్లనే ఉంది గదా?"

"లేదు. మా బిడ్డ హారిక నస్రుల్లాబాద్ బడిల టీచరు గద. పొద్దుగాల తాళం అడిగింది, ఇచ్చిన. ఎనుక బ్రేకు ఉండనే ఉన్నది."

"ఫోన్ చెయ్యి" అంది పద్మలత.

మోగి మోగి ఆగిపోయింది. "బండి మీద ఉన్నదేమో" అన్నాడు సిద్దిరాములు. ఆ మాట అన్నాకే సంగతి అతనికీ తట్టింది. రెండోసారి చేశాడు, ఎత్తలేదు.

పద్మలత చూపు బల్ల మీది మూత మీద ఆగింది. బండి మీద వచ్చినవాళ్ల సంగతి సరే, అక్కడే విప్పి చూపించి బిగించుకుంటారు. మూతలు ముడి కట్టుకొని బస్సుల్లో వచ్చినవాళ్లు? సదాశివనగర్ నుంచి, డోంగ్లి నుంచి ఎంతమంది వచ్చారు! వాళ్ల ఇండ్ల ముందు ఎన్ని డబ్బీలు దుమ్ములో, వానలో నోరు తెరుచుకొని ఉన్నాయో. తొమ్మిదేండ్లుగా ఆమె మూతనే చూసింది. మూత ఊడిన బండి ఒక్కనాడూ కళ్లలో మెదల్లేదు. అప్పుడు ఒక్క సీసా అందించింది. ఆ తర్వాత ఎందర్ని ఇట్లా పంపిందో లెక్క లేదు.

మూడోసారి హారిక ఎత్తింది.

"ఏంది బాపు, ప్రేయర్‌ల ఉన్న! బండి నేను తియ్యలేదు. బ్రేకు ఒత్తి సూస్తే లివర్ మెత్తగ పోయి హ్యాండిల్‌కు తాకింది. బస్సుల వచ్చిన. నువ్వు శాయ్ తాగినవా లేదా?"

సిద్దిరాములు మెట్టు మీద కూలబడ్డాడు. పద్మలత కూర్చోలేదు.

"బండిని కదపకున్రి" అంది ఆమె. "మెకానిక్‌ను ఇంటికే పిలువున్రి. పాతది సుక్క లేకుండ తీసి, లోపల కడిగి, రబ్బర్లు మార్చినంకనే కొత్తది పొయ్యమనున్రి."

"గట్లనే చెల్లే. మరి సీసా ఇస్తవా? మూతైతే తెచ్చిన."

ఆమె మూత తుడిచింది. అద్దాలు పెట్టుకొని వెలుతురుకు ఎత్తింది. డాట్ నాలుగు. వెనక్కి తిరిగి అలమార తలుపు తీసింది.

డాట్ నాలుగు పోస్తే మూడు రాసి ఉన్న బండికీ సరిపోతుందని కంపెనీ ఏజెంటు చెప్పాక, ఎందుకొచ్చిన పొరపాటని ఆమె మూడు తెప్పించడం మానేసి ఎనిమిదేండ్లయింది. మూత మీద ఏదున్నా ఆ దుకాణంలో ఇచ్చే సీసా ఒకటే.