మావారి ముక్కు, నా చవక సెంట్లు

నేను పూసుకునే సెంట్లన్నీ చవకవే. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పక్కన కూర్చునేవాళ్లకు ఉంటే ఉండొచ్చు.

మా ఆఫీసు హైటెక్ సిటీలో. అక్కడ పొద్దున లిఫ్టు ఎక్కితే ఎవరు ఈమధ్య విదేశం వెళ్లొచ్చారో వాసన బట్టి చెప్పేయొచ్చు. ఎయిర్‌పోర్టుల్లో కొన్న సీసాలవి. వాటిని వాళ్లు గుళ్లో తీర్థంలా ఒక్కో చుక్క వాడతారు. నాకు ఆ పొదుపు చేతకాదు. సెంటు అంటే మెడకు, మణికట్లకు, చున్నీకి, ఇంకా ఉత్సాహం ఉంటే హ్యాండ్‌బ్యాగుకు కూడా కొట్టుకోవాలి. అలా కొట్టుకోవాలంటే చవకది కొనుక్కోవడం తప్ప దారి లేదు. సూపర్‌మార్కెట్లో బిల్లు కట్టేచోట వేలాడేవి, రోలాన్ అత్తర్లు, ఫలానా ఖరీదైన సెంటును చూసి చేశాం అని డబ్బా మీదే ధైర్యంగా రాసుకునే కాపీలు, అన్నీ మా ఇంట్లో ఉన్నాయి. ఆ కాపీలను నిజంగా చూసి చేశారో, ఎవరైనా ఫోన్లో చెబితే విని చేశారో నాకు అనుమానమే.

చవక సెంటుకు ఒక గుణం ఉంది. మొదలైనట్టు చివరిదాకా ఉండదు. ఆకుపచ్చ సీసా ఒకటి ఉండేది. నార్సింగిలో మా ఫ్లాట్ గుమ్మంలో అది అప్పుడే కోసిన నిమ్మకాయ. ఖాజాగూడ సిగ్నల్ చేరేసరికి గిన్నెలు తోమే సబ్బు. ఆఫీసు గేటు దగ్గర కార్డు చూపించేసరికి అసలేమీ మిగిలేది కాదు, చున్నీ కాస్త జిగురుగా ఉండేది అంతే. మల్లెపూల సెంటు దీనికి పూర్తిగా ఉల్టా. పొమ్మన్నా పోయేది కాదు. ఉతికి, ఆరేసి, ఇక పోయిందనుకుని ఇస్త్రీ చేస్తే ఆ వేడికి మళ్లీ లేచి కూర్చునేది.

వెనిలా సెంటుతో ఇంకో తంటా. మా ఆఫీసులో కేకు వాసన వచ్చిందంటే ఎవరిదో పుట్టినరోజని లెక్క. పని ఎంత నెత్తి మీదున్నా జనం చేరాల్సిందే. నేనది కొట్టుకెళ్లిన రోజు మధ్యాహ్నం పక్క టీము వాళ్లు కూడా పేపరు ప్లేట్లు పట్టుకుని నా బల్ల చుట్టూ మూగారు. నేను పేరు కూడా ఎరగని ఒకమ్మాయి వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చి, “హ్యాపీ బర్త్‌డే అండీ,” అంది. కాదని చెప్పేలోగా పాట అందుకున్నారు. చేసేదేముంది, కేకు తెప్పించి కోశాను. అసలు పుట్టినరోజు నాడు ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇలాంటి ప్రమాదాలను ముందే పసిగట్టే మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. మావారు. ప్రభుత్వ ఉద్యోగి. రోజూ కారులో నన్ను దింపి తన ఆఫీసుకు వెళతారు. ఫైళ్ల మీద సంతకాలు చేత్తోనే పెడతారు గానీ, ఆయన అసలు పనిముట్టు ముక్కు. పాలు విరగబోతున్నాయని పాలకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. మా అపార్ట్‌మెంటు వరండాలో నడుస్తూ ఏ ఫ్లాట్లో ఏ కూరో చెప్పేస్తారు. “ఎదురింటివాళ్లు ఇవాళ ఇంగువ మరీ ఎక్కువేశారు,” అని వాళ్లకు వినబడేలా అంటారు. ఆవకాయ జాడీ మూత తీసి ఒక్కసారి పీల్చి, ఈసారి ఆవపిండిలో ఘాటు లేదని తేల్చేస్తారు. రుచి కూడా చూడరు.

పొద్దున ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటుంటే నేను వెళ్లి మణికట్టు చాపడం, ఆయన తల వంచి వాసన చూసి తీర్పు చెప్పడం, ఇది పెళ్లయిన కొత్తలో మొదలైన వ్యవహారం. ఆయన తీర్పుల్లో బాగుంది అనే మాట ఉండేది కాదు.

“ఎలా ఉందండీ?” అంటే, “ఎవరి పెళ్లికెళ్లావు? పన్నీరు బుడ్డి మొత్తం నీ మీదే బోర్లించారు,” అనేవారు. ఇంకో రోజు, “అగరొత్తుల డబ్బాలో పడుకుని లేచావా?” అనేవారు. ఖరీదైనదానికి కాపీ అని నేను మురిసిపోతూ కొన్న నీలం సీసాకైతే, “నేల బాగా తుడిచారు. ఏ ఆస్పత్రి?” అన్నారు. నేను ఉక్రోషంతో చెయ్యి లాగేసుకునేదాన్ని. అయినా ఆ మాట వినకుండా గడప దాటేదాన్ని కాదు. ఆయన ఎప్పుడైనా “నిన్నటికంటే నయం,” అన్నారంటే ఆ వారమంతా అదే సెంటు.

కిందటేడు వానల్లో అందరికీ వచ్చినట్టే ఆయనకూ జ్వరమొచ్చింది. మంచం మీద మూలుగుతూ కొన్నాళ్లు గడిపి లేచారు. మళ్లీ ఆఫీసుకు బయలుదేరిన రోజు నేను మామూలుగా మణికట్టు చాపాను.

“బావుంది,” అన్నారు.

నేను సరిగా విన్నానా అనిపించింది. మర్నాడు ఇంకో సీసా పూసుకున్నాను. బావుందన్నారు. ఆ తరువాత కావాలనే ఆస్పత్రి సెంటు కొట్టుకుని వెళ్లాను. “ఇది కూడా బావుంది,” అన్నారు. జ్వరం మనిషిని మెత్తబరుస్తుంది కాబోలు, ఇన్నేళ్లకు దారికొచ్చారు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా వచ్చింది. నా అభిరుచి మీద నాకే గౌరవం పెరిగింది.

ఆ ధైర్యంతోనే ఒక శనివారం కోకాపేట వైపు కొత్తగా తెరిచిన అత్తరు కొట్లోకి వెళ్లాను. కొట్టతను నల్లగా చిక్కగా ఉన్నదేదో గాజు పుల్లతో నా చేతికి రాసి, “ఊద్ మేడం. జర పెట్టుకుంటె చాలు, పొద్దుగూకేదాంక పోదు. ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు. అది అగరుచెక్క నుంచి తీసే అసలు ఊద్ కాదని ధర చూస్తేనే తెలుస్తోంది. అయినా కొన్నాను. సోమవారం నాడు జర కాదు, నా అలవాటు ప్రకారం పెట్టుకున్నాను. మావారు వాసన చూసి బావుందన్నారు.

కాఫీ వేళకు మా ఫ్లోర్‌లో కలకలం మొదలైంది. ఎక్కడో వైరు కాలుతోందని ఎవరో ఫోన్ చేశారట. బిల్డింగ్ చూసుకునేవాళ్లు వచ్చి కార్పెట్ ముక్కలు లేపారు, ప్రింటర్ ప్లగ్గు పీకారు, నిచ్చెన వేసుకుని ఏసీ గాలి వచ్చేచోట ముక్కు పెట్టి చూశారు. అందరితో పాటు నేనూ బల్లల కిందికి వంగి వెతికాను. విచిత్రంగా, నేను ఏ మూలకు వెళితే వాళ్లకు ఆ మూల మీదే అనుమానం కలిగేది.

నాతో పాటు టెస్టింగ్‌లో పనిచేసే సిద్దిపేట అతనొకడు నన్ను పక్కకు పిలిచాడు. నాకంటే చిన్నవాడు, అక్కా అంటాడు.

“అక్కా, వైరు గాదు. నువ్వే.”

“నేనేంటి?”

“కాలుతున్నది నువ్వే అక్కా. ఏం పెట్టుకొచ్చినవ్ గిట్ల? మా ఊర్ల పీర్ల పండుగకు గూడ ఇంత ఊదు ఎయ్యరు.”

“మావారు బావుందన్నారే!” అన్నాను.

“ఏందక్కా, బావకు ముక్కు పన్జేస్తలేదా?” అని నవ్వాడు. విన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

వాష్‌రూములో సబ్బుతో చేతులు తోముకుంటుంటే నా నవ్వు ఆగిపోయింది. ఈమధ్య ఆయన పక్కనే నిలబడి ఉండగా పాలు పొంగి మాడిపోయాయి. మాడిన పప్పును ఒక్క మాట అనకుండా తిన్నారు, మర్యాద నేర్చుకున్నారనుకున్నాను. జాడీ అడుగున ఉన్న ఆవకాయను వాసన చూడకుండా నేరుగా అన్నంలో కలుపుకున్నారు. ఎదురింటివాళ్ల ఇంగువ మాట ఎత్తి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం ఇంటికి రాగానే తలారా స్నానం చేశాను. ఏమీ పూసుకోలేదు. సోఫాలో టీవీ చూస్తున్న ఆయన దగ్గరకు వెళ్లి మణికట్టు చాపి, “ఇది కొత్తది. ఎలా ఉందండీ?” అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని గట్టిగా పీల్చారు. “బావుంది,” అన్నారు.

పక్కనే కూలబడి, “నేనేమీ పూసుకోలేదండీ,” అన్నాను.

ఆయన చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. “జ్వరం తగ్గినప్పటి నుంచీ అంతే,” అన్నారు చివరికి. “తింటుంటే వేడి తెలుస్తుంది, ఉప్పూ కారం తెలుస్తాయి. అంతకు మించి ఏమీ లేదు.”

“నాతో చెప్పొచ్చుగా!”

“రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకున్నాను. నువ్వేమో పొద్దున్నే అంత సంబరంగా వచ్చి చెయ్యి చాపుతావు. ఏమీ రావట్లేదని ఎలా చెప్పను?” టీవీ ఆపేసి, “ఇంతకీ, నిజంగానే బావున్నాయా ఏమిటి?” అన్నారు.

“ఇవాళ నా మూలాన ఆఫీసులో కార్పెట్ లేపారు,” అన్నాను. ఇద్దరం నవ్వబోయాం గానీ నవ్వు రాలేదు. నాకు భయం వేసింది. ఇంకెప్పటికీ ఇంతేనేమో అన్న భయం.

డాక్టరు దగ్గరకు వెళ్లాం. జ్వరానికి వాసన నరం దెబ్బతిందనీ, మళ్లీ రావచ్చు, రాకపోనూ వచ్చు అనీ చెప్పారావిడ. పూటపూటకూ రకరకాల ఘాటు వాసనలు చూస్తూ, అవి ఒకప్పుడు ఎలా ఉండేవో గుర్తు చేసుకోమన్నారు. “ఇంట్లో అలాంటివేమైనా ఉన్నాయా?” అని అడిగారు. మావారు నా వైపు చూశారు. “మా ఇంట్లో వాటికి కొదవ లేదండి,” అన్నారు.

అలా నా చవక సెంట్లు మందు సీసాలయ్యాయి. పొద్దునా సాయంత్రం ఆయన కళ్లు మూసుకుని భోజనాల బల్ల ముందు కూర్చునేవారు. నేను నిమ్మతొక్క, లవంగం, కాఫీ పొడి, ఇంగువ, వాటి వెనక నా సీసాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి చెప్పేదాన్ని. “ఇది ఆకుపచ్చదండీ, నిమ్మకాయలా మొదలై సబ్బులా తేలేది,” అంటే, “ఎందాకా నిమ్మకాయ?” అనేవారు. “ఖాజాగూడ లోపే,” అంటే, “ఆఁ, గుర్తుంది,” అనేవారు. గుర్తుండడమే. వాసన వచ్చేది కాదు.

ఆయనకు చెప్పడం కోసం నేను మొదటిసారి నా సెంట్లను శ్రద్ధగా వాసన చూశాను. ఇన్నేళ్లూ కొట్టుకోవడమే గానీ చూసింది లేదు. మొండిదని తిట్టుకున్న మల్లెపూల సెంటులో, పైన ఉన్న తీపి కాస్త తగ్గాక, రాత్రంతా జడలో నలిగి పొద్దుటికి వాడిపోయిన పూల వాసన కొంచెం ఉంది. చేసినవాడు కావాలని పెట్టాడో, చవక సరుకుతో చేయబోతే అలా కుదిరిందో తెలియదు. ఆ మాట చెబితే ఆయన చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు. “రావట్లేదు. ఇంకోటి చూపించు,” అన్నారు.

చలికాలం వెళ్లిపోయింది. ఆయన అన్నం కూడా ఆఫీసు పని చేసినట్టు తినేవారు. మామిడికాయలొచ్చాయి. ఏటా నేను ఆవకాయ కలుపుతుంటే నెత్తి మీద నిలబడి, నూనె ఇంకొంచెం, మెంతులు చాలు, అని పెత్తనం చేసే మనిషి, ఆ రోజు మెల్లగా లేచి బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. కారం కలిపిన చేతులతోనే నిలబడి ఏడ్చాను. ఆయన బూట్లు తొడుక్కునేటప్పుడు చెయ్యి చాపడం నేను ఎప్పుడో మానేశాను. ఆఫీసులో ఎవరు మెచ్చుకున్నా, ఎవరు వెక్కిరించినా నాకు పెద్ద తేడా ఉండేది కాదు. ఆయన వెక్కిరించడం కోసమే అన్ని సీసాలు కొన్నానని నాకప్పుడు తెలిసింది.

మొన్న వేసవిలో ఒక రోజు ఆలస్యమైపోయి, షాంపూ కొంటే ఊరికే ఇచ్చిన గులాబీరంగు సీసా చేతికి అందితే, అది మెడకూ చున్నీకీ కొట్టుకుని కారెక్కాను. ఖాజాగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయాం. మండే ఎండ, ఏసీ నడుస్తోంది, అద్దాలన్నీ వేసి ఉన్నాయి. పక్కనే సిమెంటు లారీ దుమ్ము లేపుతూ నిలబడింది. ఆయన వాళ్ల ఆఫీసులో ఎవరిదో బదిలీ సంగతి చెబుతూ చెబుతూ బటన్ నొక్కి తన పక్క అద్దం కిందికి దించారు.

“ఏవండీ, దుమ్మండీ! అద్దం వేయండి!” అన్నాను.

“ఉండవే, ఊపిరాడట్లేదు. ఏంటది, బెల్లప్పాకంలో ఫినాయిలు కలిపినట్టు!” అన్నారు. సిగ్నల్ వైపు చూస్తూనే, విసుగ్గా అన్నారు. అని మళ్లీ బదిలీ సంగతి మొదలుపెట్టారు.

నేను చున్నీతో కళ్లు ఒత్తుకున్నాను. కాసేపటికి ఆయన నా వైపు తిరిగి చూసి కంగారుపడ్డారు.

“అయ్యో, ఆ మాత్రం దానికి కళ్లనీళ్లు పెట్టుకుంటావా? ఊరికే అన్నాలే. మరీ అంత ఘోరంగా ఏం లేదు. పాకం కాస్త ఎక్కువైంది, అంతే. దాని కింద గులాబీ లాంటిదేదో...”

అని ఆగిపోయారు.

సిగ్నల్ పచ్చబడింది. సిమెంటు లారీ కదిలి వెళ్లింది. ఆయన నా చున్నీ కొంగు అందుకుని మొహానికి ఆనించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. వెనక బళ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. ఆయన కారు కదపలేదు. నేనూ కదపమనలేదు.